ఊపిరి సాధన: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఊపిరి సాధన మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపేశాం. యోగా శిక్షకులు, ఊపిరితిత్తుల వైద్యులు కలిసి రాసిన జవాబులివి.

ఫోన్‌లో వీడియోలు చూసి రోజూ పొద్దున్నే డీప్ బ్రీతింగ్ చేస్తున్నాను. ఎంత గట్టిగా పీలిస్తే అంత మంచిదని ఛాతీ నిండా పీలుస్తున్నాను. ఐదు నిమిషాలయ్యేసరికి కళ్లు తిరుగుతున్నాయి. పెదాల చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిరెక్కుతోంది. బీపీ, షుగర్ లేవు. ప్రాణశక్తి మేలుకుంటోందని ఒకరు, గుండె చూపించుకోమని ఇంకొకరు అంటున్నారు. — సచివాలయ ఉద్యోగిని, బొబ్బిలి

మీరు చెప్పిన తీరు చూస్తే అవసరానికి మించి గాలి పీలుస్తున్నారు, అదే కారణం. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊరికే కూర్చున్నప్పుడు కూడా రక్తంలో ఆక్సిజన్ 95 శాతానికి పైనే ఉంటుంది. బలవంతంగా పీల్చినా అది ఇంకేం పెరగదు. తగ్గేది కార్బన్ డయాక్సైడ్. దాన్ని ఉత్త చెత్తగాలి అనుకుంటాం గానీ, రక్తంలో ఆమ్లం, క్షారం సమంగా ఉండాలంటే అది తగినంత ఉండాలి. అది పడిపోతే మెదడుకు వెళ్లే రక్తనాళాలు ముడుచుకుంటాయి, కళ్లు తిరుగుతాయి. రక్తం క్షారం వైపు జరిగి నరాలకు అందాల్సిన కాల్షియం తగ్గుతుంది, తిమ్మిరి మొదలవుతుంది. అయినా ఆపకుండా చేస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. సాధన ఆపి మామూలుగా ఊపిరి తీస్తే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. అలా సర్దుకోకపోయినా, తిమ్మిరి ఒక పక్కనే ఉన్నా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక నుంచి ఇలా చేసి చూడండి. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించండి. ఒక చెయ్యి ఛాతీ మీద, రెండోది బొడ్డుకు పైన పక్కటెముకల కింద పెట్టండి. నోరు మూసి, ముందు ఉన్న గాలి మెల్లగా వదిలేయండి. తర్వాత ముక్కుతో పీల్చండి. పొట్ట మీది చెయ్యి పైకి లేవాలి, ఛాతీ మీది చెయ్యి దాదాపు కదలకూడదు. కావాలని పొట్టను ఉబ్బించొద్దు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరం కిందికి దిగితే పొట్ట దానంతటదే లేస్తుంది. మనసులో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. లెక్కకు ఒక సెకను చొప్పున ఊపిరికి పది సెకన్లు, నిమిషానికి ఆరు ఊపిర్లు. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు తీస్తారు. నాలుగు-ఆరు కష్టంగా ఉంటే మూడు-నాలుగుతో మొదలుపెట్టండి.

మొదటి వారం పూటకు మూడు నిమిషాలు, రెండు పూటలు. రెండో వారం ఐదు నిమిషాలు చేయండి. తర్వాత పది దాకా పెంచవచ్చు. అంతకు మించి అక్కర్లేదు. పడుకుని చేయడం చేతనయ్యాక కుర్చీలోకి మారండి, ఆఫీసులో కూడా కుదురుతుంది.

సరిగ్గా చేస్తున్నారో లేదో తర్వాతి ఊపిరి చెబుతుంది. అది మెత్తగా రావాలి. గుటకేసినట్టు, ఆబగా వచ్చిందంటే వదలడాన్ని మరీ సాగదీశారన్నమాట. ఒక లెక్క తగ్గించుకోండి. పక్కన కూర్చున్న మనిషికి మీ ఊపిరి చప్పుడు వినిపించకూడదు. తరచుగా జరిగే పొరపాటు భుజాలు లేపడం. ఇంకొకటి చాలామందికి తట్టదు: లంగా బొందో ప్యాంటు బెల్టో బిగుతుగా ఉంటే పొట్ట కదలదు, గాలంతా మెడ కిందే ఆడుతుంది. బొందు కాస్త వదులు చేసుకుని మొదలుపెట్టండి.

వదలడానికే ఎక్కువ లెక్క ఎందుకంటారా? మణికట్టు దగ్గర, బొటనవేలి మొదట్లో రెండు వేళ్లు ఆనించి నాడి చూసుకుంటూ ఓ నిమిషం చేయండి. పీల్చేటప్పుడు కొట్టుకోవడం కొంచెం దగ్గరపడుతుంది, వదిలేటప్పుడు ఎడమవుతుంది. వదిలేటప్పుడు వేగస్ నరం గుండెకు పగ్గం వేస్తుంది. అందుకే వదలడం నిదానమైతే దడ తగ్గుతుంది. ఈ తేడా వయసులో ఉన్నవారికి బాగా తెలుస్తుంది, పెద్దవాళ్లకు తక్కువగా ఉంటుంది. తెలియకపోతే కంగారు పడొద్దు.

రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి, 64 ఏళ్లు. బీపీ మాత్రలు వాడుతున్నా 150/90 ఉంటోంది. 2025 జూన్ 21 యోగా దినోత్సవానికి ముందు యోగాంధ్ర శిబిరంలో కపాలభాతి నేర్చుకుని రోజూ చేస్తున్నాను. ఇలాగే చేస్తే మాత్రలు మానేయవచ్చా? — శ్రీకాకుళం

మాత్రలు మానకండి, మాస్టారూ. కపాలభాతి మాత్రం ఇవాళే ఆపండి.

కపాలభాతిలో ప్రతిసారీ పొట్టను గబుక్కున లోపలికి కొట్టి గాలిని తోసేస్తాం. ఆ తోపుకు కడుపులో, ఛాతీలో ఒత్తిడి లేస్తుంది. అదుపులో లేని బీపీ, గుండెజబ్బు, ఇదివరకు వచ్చిన పక్షవాతం, హెర్నియా, మూర్ఛ, కంట్లో నీటికాసులు ఉన్నవారు, కొత్తగా పొట్ట ఆపరేషనైనవారు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. వందమందిని ఒకేచోట కూర్చోబెట్టి నేర్పే శిబిరంలో ఎవరికి ఏ జబ్బుందో అడగడం కుదరకపోవచ్చు. మనమే ముందుగా చెప్పుకోవాలి.

దాని బదులు నాడీశోధన చేయండి, గాలి బిగబట్టకుండా. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు అరచేతిలోకి మడవండి. బొటనవేలు కుడి ముక్కుకి, ఉంగరం వేలు ఎడమ ముక్కుకి. వేలు ఆనించాల్సింది ఎముక కింద మొదలయ్యే మెత్తటి చోట. గట్టిగా నొక్కితే ముక్కు వంగి రెండోవైపు కూడా మూసుకుపోతుంది. కుడివైపు మూసి ఎడమవైపు నుంచి పీల్చండి, ఎడమవైపు మూసి కుడివైపు నుంచి వదలండి. మళ్లీ కుడితో పీల్చి ఎడమతో వదలండి. ఇది ఒక ఆవృత్తం. ఐదుతో మొదలుపెట్టి పదికి పెంచుకోండి. చెయ్యి నొప్పెడితే రెండో చేతిని మోచేతి కింద ఆసరా పెట్టుకోవచ్చు, వెన్ను మాత్రం వంచొద్దు.

తర్వాత భ్రామరి. పెదాలు కలిపి, లోపల పళ్లు తగలకుండా ఉంచి, వదిలే ఊపిరితో సన్నగా, మంద్రంగా ‘మ్‌మ్’ అనండి. ఐదారుసార్లు చాలు. చెవి రంధ్రం ముందున్న చిన్న మెత్తటి రేకును వేలితో మెల్లగా నొక్కి చెవి మూయవచ్చు గానీ, వేలు చెవి రంధ్రంలోకి దూర్చొద్దు. ఇలా నాదం చేసినప్పుడు ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ మామూలు కంటే ఎన్నో రెట్లు వెలువడుతుందని పరీక్షల్లో తేలింది. అయితే దాన్నిబట్టి భ్రామరి బీపీ మందు అనుకోవద్దు.

నిదానంగా ఊపిరి తీయడం కొన్ని వారాలు రోజూ చేస్తే బీపీ కొందరికి కొద్దిగా తగ్గుతుంది. మాత్రకు అది తోడు మాత్రమే. సాధన చేసి లేచిన వెంటనే బీపీ చూసుకుంటే అంకె తక్కువ చూపించి మోసం చేస్తుంది. పొద్దున్న మాత్రకీ సాధనకీ ముందు చూడండి. టీ, కాఫీ తాగి అరగంటైనా దాటాలి. కుర్చీకి ఆనుకుని, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి రెండుసార్లు చూసి రాసుకోండి. రెండు వారాల లెక్క డాక్టరుకు చూపించండి, మాత్ర మార్చాలో వద్దో ఆయన చెబుతారు. ఇంట్లో ఎండుచేపలు, పచ్చళ్లు ఎప్పట్లాగే సాగుతుంటే ఏ ప్రాణాయామమూ వాటి ఉప్పును తీసేయలేదని కూడా గుర్తుంచుకోండి.

మా నాన్నకు కిడ్నీ జబ్బు. క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడకట్టాల్సిన వ్యర్థం) 6 దాటింది, డయాలసిస్ ఇంకా మొదలుపెట్టలేదు. వారం నుంచి కూర్చున్నా ఊపిరి వేగంగా, లోతుగా తీస్తున్నారు. ప్రాణాయామం చేయిస్తే ఊపిరి నెమ్మదిస్తుందని, క్రియాటినిన్ కూడా దిగుతుందని ఊళ్లో చెబుతున్నారు. — కవిటి మండలం

దయచేసి ఇది చదివిన రోజే ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఉద్దానంలో ఈ ప్రశ్న ఎన్ని ఇళ్లలో ఉంటుందో మాకు తెలుసు, అందుకే వివరంగా చెబుతున్నాం. మూత్రపిండాలు దెబ్బతింటే ఒంట్లో తయారయ్యే ఆమ్లం బయటికి పోదు. దాన్ని తగ్గించుకోడానికి ఒంటికి మిగిలిన దారి ఊపిరే. కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువెక్కువగా బయటికి పంపి రక్తాన్ని సర్దుకోవాలని చూస్తుంది. మీకు కనిపిస్తున్న వేగం ఆ ప్రయత్నమే కావచ్చు. నాలుగు-ఆరు లెక్కలంటూ దాన్ని నెమ్మదింపజేస్తే ఆమ్లం ఇంకా పెరుగుతుంది. రెండో కారణం నీరు. మూత్రం తగ్గితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, రాత్రి లేచి కూర్చోవడం, తలకింద దిండ్లు పెంచుకోవడం, కాళ్ల వాపు దీని గుర్తులు. ఈ జబ్బులో రక్తహీనతా తోడవుతుంది, దానివల్లా ఎగరొప్పు వస్తుంది. వీటిలో ఏదో రక్తపరీక్ష, ఎక్స్‌రే చేస్తేగానీ తేలదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మీకు దగ్గరే. దారిలో ఆయన్ను పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, కొంచెం ముందుకు వంగి చేతులు ఆనించుకునేలా చూడండి.

ఊపిరి సాధనతో క్రియాటినిన్ దిగదు. అలా చెప్పేవారి మాట విని ఒక్క వారం పోగొట్టుకున్నా నష్టమే.

డయాలసిస్ కుదురుగా సాగుతున్నవారి సంగతి వేరు. సూది గుచ్చే ముందు భయానికి, నాలుగేసి గంటలు కుర్చీలో గడపడానికి మూడు లెక్కలు పీల్చి నాలుగు లెక్కలు వదిలే మెత్తటి ఊపిరి ఉపయోగపడుతుంది. బిగబట్టడం, కపాలభాతి, భస్త్రిక (కొలిమితిత్తిలా వేగంగా పీల్చి వదలడం) వద్దు.

ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. పరీక్ష పేపరు చేతికిచ్చేటప్పుడు గుండె దడదడలాడి చదివింది గుర్తురాదు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. — విజయనగరం విద్యార్థిని

అమ్మా, పరీక్ష హాల్లో ఎవరికీ తెలియకుండా చేసుకోగలిగేది ఒకటుంది. ముక్కుతో గాలి పీల్చు. నిండిందనిపించాక దాని మీదే ఇంకొక చిన్న గుక్క పీల్చు. ఇప్పుడు నోటితో, తొందర లేకుండా పూర్తిగా వదిలేయి. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న చంటిపిల్ల తీసే ఊపిరి ఇదే. రెండో గుక్కకు ఊపిరితిత్తుల్లో ముడుచుకున్న చిన్న గాలిగదులు తెరుచుకుంటాయి, వదలడం పొడుగవుతుంది. హాల్లో రెండు మూడుసార్లు చాలు. అంతకు మించితే బొబ్బిలి పాఠకురాలికి వచ్చిన తిమ్మిరే నీకూ వస్తుంది. దీన్ని రోజూ ఐదు నిమిషాల చొప్పున నెల్లాళ్లు చేసినవారిలో మనసు తేటపడటం ధ్యానం చేసినవారి కంటే కాస్త ఎక్కువగా కనిపించిందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రచురించారు.

పరీక్ష రోజే మొదటిసారి చేస్తే పని చేయదు. ఇప్పటినుంచే, ఇంట్లో మోడల్ పేపరు రాసే ముందు ప్రతిసారీ చేయి. ఒంటికి అలవాటైనదే కంగారులో గుర్తొస్తుంది.

నిద్రకు నాలుగు-ఏడు-ఎనిమిది లెక్క చేయమని చాలామంది చెబుతారు. ఏడు లెక్కలు బిగబట్టడం కొత్తవాళ్లకు ఊపిరాడనట్టుండి కంగారు పెంచుతుంది. నువ్వు పక్క మీద నాలుగు పీల్చి ఆరు వదులు, పది నిమిషాలు. నిద్ర వచ్చిందా లేదా అని మధ్యలో చూసుకోకు. సాయంత్రం ఆరు దాటాక టీ, కాఫీ మానెయ్. దడ పరీక్షలతో సంబంధం లేకుండా కూడా వస్తుంటే అమ్మానాన్నలతో చెప్పి రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో.

కోడి రామ్మూర్తి నాయుడు గారిలా ఊపిరి బిగించే బలం తెచ్చుకోవాలని ఉంది. ఒక లెక్క పీల్చి, నాలుగు బిగబట్టి, రెండు వదిలే నిష్పత్తిలో కుంభకం చేయాలని పుస్తకంలో ఉంది. చెరువులో మునిగి నిమిషంన్నర ఉండగలుగుతున్నాను, ముందు ఇరవైసార్లు గబగబా గాలి పీల్చుకుంటే ఇంకా ఎక్కువసేపు ఉండొచ్చని స్నేహితులన్నారు. — 19 ఏళ్లు, రాజాం

వీరఘట్టంలో పుట్టి, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపిన మనిషి మన ప్రాంతంవాడని గర్వపడటంలో తప్పులేదు. ఆయన చిన్నప్పటినుంచీ వ్యాయామంలో పెరిగి, దాన్నే వృత్తిగా చేసుకున్నారు. మీ స్నేహితులు చెప్పింది మాత్రం ప్రాణం తీసే పని. ఎందుకో అర్థం చేసుకోండి.

ఊపిరి తీయాలన్న తహతహ ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల పుడుతుంది, ఆక్సిజన్ తగ్గడం వల్ల కాదు. ముందే గబగబా గాలి పీల్చి వదిలితే కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. అప్పుడు నీళ్లలో ఎంతసేపున్నా తహతహ రాదు. ఈలోగా ఆక్సిజన్ అడుగంటి, ముందస్తు హెచ్చరికేమీ లేకుండా స్పృహ తప్పుతుంది. స్పృహ తప్పాక ఒళ్లు దానంతటదే ఊపిరి తీస్తుంది, నీళ్లు లోపలికి పోతాయి. నడుంలోతు నీళ్లలో, బాగా ఈత వచ్చినవాళ్లు కూడా ఇలా చనిపోతారు. చెరువైనా, నాగావళైనా, కళింగపట్నం తీరమైనా నీళ్లలో ఊపిరి బిగబట్టే పందేలు మానేయండి.

నేల మీద చేయాలంటే ముందు నాలుగు-ఆరు లెక్క ఒక నెల కుదురుగా సాగనివ్వండి. తర్వాత పీల్చాక రెండు లెక్కలు ఆగండి, గొంతు బిగించకుండా. వదిలే ఊపిరి మెత్తగా, అదుపులో ఉంటేనే మూడుకు వెళ్లండి. వదిలేటప్పుడు గాలి భళ్లున బయటపడిందంటే అది మీ పరిమితి దాటినట్టు. ఒకటి-నాలుగు-రెండు నిష్పత్తి ఏళ్ల సాధన తర్వాత, గురువు ఎదుట చేయాల్సింది.

జీడిపప్పు పరిశ్రమలో పని. కాల్చేచోట పొగ వల్ల పిల్లికూతలు, ఆయాసం. డాక్టరు ఇన్‌హేలర్ ఇచ్చారు, అలవాటైపోతుందని వాడటం లేదు. ఊపిరి వ్యాయామాలతో తగ్గుతుందా? — పలాస

ఇన్‌హేలర్ వాడండి. దానికి బానిసలవుతారనేది ఉత్త భయం. వ్యాయామాలు ఆయాసపు కంగారును తగ్గిస్తాయి గానీ గాలిగొట్టాల లోపలి వాపును తగ్గించలేవు, ఆ పని మందుది.

నిజానికి మీకు మొదట కావాల్సిన ఊపిరి సాధన ఇన్‌హేలర్ పీల్చడమే. చాలామందికి మందు నాలుక మీదే ఉండిపోతుంది. నొక్కితే స్ప్రే వచ్చే రకమైతే బాగా కుదపండి, గాలి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, పీల్చడం మొదలుపెడుతూ నొక్కి, నెమ్మదిగా నాలుగైదు సెకన్లు పీల్చండి. పది సెకన్లు ఆపి వదలండి. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టం పెట్టుకుంటే ఇంకా తేలిక. గొట్టంమాత్ర (క్యాప్సూల్) వేసి తిప్పే పొడి రకమైతే పద్ధతి తిరగబడుతుంది: వేగంగా, బలంగా పీల్చాలి. ఆ పొడిలోకి ఊదకూడదు. స్టెరాయిడ్ మందైతే చివర్లో నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి, లేదంటే నోట్లో తెల్లపూత వస్తుంది.

ఆయాసం వచ్చినప్పుడు ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించి కూర్చోండి. ముక్కుతో రెండు లెక్కలు పీల్చి, ఈల వేసేటట్టు పెదాలు సున్నా చుట్టి నాలుగు లెక్కలు వదలండి. పెదాల దగ్గర అడ్డు ఉంటే లోపలి సన్నటి గొట్టాలు మూసుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి. సాధన పొగ దగ్గర చేయొద్దు, పని ముగిసి స్నానం చేశాక చేయండి. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఆ పొగను ఆపదు. ఎన్95 మాస్కు నుసిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. కాల్చేచోటు నుంచి వేరే పనికి మార్చమని డాక్టరు చీటీ పెట్టి అడగండి. వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

చిన్న ప్రశ్నలు

*జలుబుతో ఒక ముక్కు మూసుకుపోతే నాడీశోధన ఎలా? (చీపురుపల్లి)* ఆ రోజు మానేయండి. మామూలు రోజుల్లో కూడా ముక్కులు కొన్ని గంటలకొకసారి వంతులు మార్చుకుంటాయి, ఒకటి బిగుసుకున్నట్టుంటే జబ్బు కాదు. జలనేతి (ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం) చేస్తే అర లీటరు నీళ్లకు తలకొట్టిన టీస్పూను ఉప్పు. నీళ్లు మరిగించి గోరువెచ్చగా చల్లార్చినవే కావాలి. బావినీళ్లు, కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి వద్దు, వాటిలో ఉండే ఒక రకం అమీబా అరుదుగానైనా మెదడుకు పాకుతుంది.

*తిన్న ఎంతసేపటికి చేయాలి? (పాతపట్నం)* భోజనం తర్వాత మూడు గంటలు, చోడి అంబలి లాంటిది తాగితే గంట. నాలుగు-ఆరు లెక్క మాత్రం కొద్దిసేపటికే చేసుకోవచ్చు.

*ఐదో నెల. ఏం చేయవచ్చు? (నెల్లిమర్ల)* కూర్చుని గానీ ఎడమపక్కకు తిరిగి పడుకుని గానీ నాలుగు-ఆరు, భ్రామరి. బిగబట్టడం, వేగంగా చేసేవి ఏవీ వద్దు. మీ డాక్టరుకు చెప్పి మొదలుపెట్టండి.

*సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటున్నాను. పల్లవి మధ్యలో ఊపిరి చాలడం లేదు. (విజయనగరం)* పీల్చేది చాలక కాదు, మొదటి అక్షరం మీదే సగం గాలి ఖర్చయిపోతోంది. అరచేతిని నోటికి జానెడు దూరంలో పెట్టుకుని ‘సా’ పట్టండి. అరచేతికి గాలి గట్టిగా తగిలితే వృథా అవుతున్నట్టే. ఆ తాకిడి తగ్గే దాకా శ్రుతి పెట్టుకుని చిన్న గొంతుతో రోజుకు పదిసార్లు పట్టండి. ఆ తర్వాతే కాలం పెంచండి.